మరచెంబు తిరిగొచ్చింది, మూత మాత్రం ప్లాస్టిక్‌ది

పెట్టె, బెడ్డింగు, మరచెంబు. ఒకప్పుడు తెలుగు ఇళ్లలో రైలు ప్రయాణమంటే ఈ మూడూ సర్దుకోవడమే. ఇత్తడిదో రాగిదో చెంబు, మెడ దగ్గర మర, దానికి బిగిసే మూత, పట్టుకోవడానికి పైన ఒక కడ్డీ. బయల్దేరేటప్పుడు ఇంటి నీళ్లు, దారిలో అయిపోతే స్టేషన్ కుళాయి నీళ్లు. ప్లాస్టిక్ బాటిల్ చేతికందాక మరచెంబు అటకెక్కింది. అటక మీంచి దిగి పాతసామాన్లవాడి తక్కెడలోకి వెళ్లింది. ఇప్పుడు దాని చోటికి స్టీలు బాటిల్ వచ్చి కూర్చుంది.

దాంతోపాటు గందరగోళమూ వచ్చింది. ప్లాస్టిక్ మానేసి ఇంటిల్లిపాదికీ లోహపు బాటిళ్లు కొందామనుకున్న కుటుంబానికి సలహాలకు కొదవ లేదు. రాగి అమృతమని ఒకరు, రాగి ఎక్కువైతే విషమని ఇంకొకరు. స్టీలు మీద 304 ముద్ర చూసి కొనమని ఒకరు, ఆ ముద్రను నమ్మొద్దని మరొకరు. స్టీలు తయారీకి అయ్యే కాలుష్యం ముందు ప్లాస్టిక్కే నయమనేవాళ్లూ ఉన్నారు. వీటిలో చాలా మాటలు సగం నిజాలు. ఏ సగం నిజమో విడదీసి చూడాలి.

ప్లాస్టిక్ మీద అనుమానం ఎలా ముదిరింది

1965లో ముంబయిలో బిస్లరీ నీళ్లు అమ్మకానికి వచ్చినప్పుడు అవి గాజు సీసాల్లో వచ్చాయి. పెద్ద హోటళ్లవాళ్లు తప్ప కొనేవారు లేరు. 1969లో పార్లే ఆ వ్యాపారాన్ని తీసుకుంది. అమెరికాలో డ్యూపాంట్ కంపెనీ ఇంజనీరు నథానియెల్ వయత్ పెట్ అనే ప్లాస్టిక్‌తో చేసిన బాటిల్‌కు 1973లో పేటెంటు పొందాడు. పగలదు, బరువుండదు, చవక. నీళ్ల వ్యాపారానికి కావాల్సింది సరిగ్గా అదే. హోటల్లో కూర్చోగానే "మినరలా, నార్మలా?" అని అడగడం, పెళ్లి భోజనాల్లో వధూవరుల ఫోటో అచ్చేసిన చిన్న బాటిల్ ఆకు పక్కన పెట్టడం ఆ తర్వాతి కథ.

భయం మొదలైంది మాత్రం పెట్ బాటిల్‌తో కాదు. పాలికార్బొనేట్ అనే గట్టి, పారదర్శకమైన ప్లాస్టిక్‌తో. దాని తయారీలో వాడే బిస్ఫినాల్-ఎ, అంటే బీపీఏ, శరీరంలో హార్మోన్ల పనిని దారి తప్పించగలదని పరిశోధనలు వచ్చాయి. 2008లో పసిపిల్లల పాలసీసాల్లో దాన్ని వాడనివ్వబోమని కెనడా ప్రకటించింది. అదే ఏడాది నాల్జీన్ కంపెనీ తన పాలికార్బొనేట్ బాటిళ్లను మార్కెట్ నుంచి ఉపసంహరించుకుంది. 2004లో కాలిఫోర్నియాలోని చికోలో పుట్టిన క్లీన్ క్యాంటీన్ లాంటి స్టీలు బాటిల్ కంపెనీలకు గిరాకీ తెచ్చింది ఈ భయమే. యూరప్ 2011లో, అమెరికా 2012లో పాలసీసాల వరకు బీపీఏను పక్కనపెట్టాయి. మన పాలసీసాల ప్రమాణం 2015లో ఆ మాటే చెప్పింది.

అక్కడితో ఆగలేదు. యూరప్ ఆహార భద్రతా సంస్థ ఎఫ్సా 2023లో బీపీఏ రోజువారీ పరిమితిని 20,000 రెట్లు కుదించింది. జర్మనీ ప్రభుత్వ ముప్పు అంచనా సంస్థ బీఎఫ్‌ఆర్ ఆ లెక్క కట్టిన పద్ధతితోనే విభేదించింది. నిపుణుల మధ్యే ఏకాభిప్రాయం లేదన్నమాట. అయినా ఐరోపా సమాఖ్య నిషేధానికే మొగ్గింది. ఆహారాన్ని, నీటిని తాకే సామగ్రిలో బీపీఏ వాడరాదన్న నియమం 2025 జనవరిలో అమల్లోకి వచ్చింది.

ఇక్కడ ఇంటింటా జరిగే పొరపాటు ఒకటుంది. దుకాణంలో కొనే పల్చటి లీటరు బాటిల్ పెట్‌తో చేసింది, దానిలో బీపీఏ ఉండదు. బీపీఏ ఉండే పాలికార్బొనేట్‌తో ఎక్కువగా చేసేది వాకిట్లో దించిపోయే 20 లీటర్ల డబ్బాను. కోస్తాలో వాటర్ టిన్ అన్నా, హైదరాబాదులో వాటర్ క్యాన్ అన్నా అదే. పిల్లవాడి బాటిల్ స్టీలుకు మార్చి, అందులోకి నీళ్లు ఆ డబ్బాలోంచే ఒంపే ఇళ్లు లెక్కలేనన్ని. "బీపీఏ లేదు" అన్న చీటీ చూసి కొత్త ప్లాస్టిక్ బాటిల్ కొనేవాళ్లకూ పూర్తి నిశ్చింత లేదు. బదులుగా వాడే బీపీఎస్, బీపీఎఫ్‌లకూ అలాంటి హార్మోను ప్రభావాలే ఉన్నాయని 2015 నాటికే పరిశోధకులు సమీక్షించి చెప్పారు.

పెట్ మీద ఆరోపణలు వేరు. దాని తయారీలో ఆంటిమొనీ అనే లోహం వాడతారు, ఎండలో అది నీళ్లలోకి దిగుతుందని భయం. అరిజోనా స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు 2008లో దీన్ని కొలిచారు. 60 డిగ్రీల వేడిలో ఉంచిన బాటిల్‌లో ఆంటిమొనీ అమెరికా పరిమితిని దాటడానికి 176 రోజులు పట్టింది. అదే 80 డిగ్రీల వద్ద రెండు రోజుల పైచిలుకే. రెంటచింతల ఎండలో కారులో మరిచిపోయిన బాటిల్ ఒక మధ్యాహ్నానికే విషమైపోదు. వేసవి పొడవునా ఎండలో పేర్చిన కేసుల సంగతి అంత తేలిగ్గా కొట్టిపారేయలేం.

మైక్రోప్లాస్టిక్ వాదన అన్నిటికంటే కొత్తది. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయానికి చెందిన షెర్రీ మేసన్ బృందం ఇండియా సహా 9 దేశాల్లో కొన్న 11 బ్రాండ్ల 259 బాటిళ్లను పరీక్షించి 2018లో ఫలితం చెప్పింది. 93 శాతం బాటిళ్లలో ప్లాస్టిక్ రేణువులు కనిపించాయి. 2024లో కొలంబియా విశ్వవిద్యాలయం ఇంకా సూక్ష్మంగా చూసి, లీటరుకు సగటున 2,40,000 రేణువులని లెక్కగట్టింది. రేణువులున్నాయన్నది ఖాయమైంది. అవి మనిషికి ఏం చేస్తాయన్నది ఖాయం కాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఆధారాలు చాలవన్న దగ్గరే ఆగింది. మేసన్ నివేదికలో ఎక్కువమంది పట్టించుకోని వివరం ఒకటుంది. దొరికిన ముక్కల్లో సగానికి పైగా పాలీప్రొపిలీన్, అంటే బాటిల్ గోడది కాదు, మూతలు చేసే ప్లాస్టిక్. ఈ సంగతి దగ్గరికి మళ్లీ రావాలి.

స్టీలు పక్షం

1913లో షెఫీల్డ్‌లో హ్యారీ బ్రియర్లీ చేతిలో రూపుదిద్దుకున్న స్టెయిన్‌లెస్ స్టీలు ఇత్తడి గిన్నెల్నీ, వాటితోపాటు కళాయి పోసేవాడినీ మన వీధుల నుంచి సాగనంపింది. లోపల కళాయి లేని ఇత్తడిలో పులుసు కాస్తే కిలుమెక్కుతుందన్న బెంగ స్టీలుకు లేదు. స్టీలు బాటిల్‌ను సమర్థించేవాళ్ల బలం ఇదే: ఇది ఇంట్లో తరాలుగా పరీక్షకు నిలిచిన లోహం.

పేచీ స్టీలు రకంతో వస్తుంది. 304 అనే రకంలో సుమారు 18 శాతం క్రోమియం, 8 శాతం నికెల్ ఉంటాయి. 316లో మాలిబ్డినం కూడా కలిసి ఉప్పును ఇంకా బాగా తట్టుకుంటుంది, మంచినీళ్లకు అంత అవసరం లేదు. 201, 202 రకాల్లో ఖరీదైన నికెల్ తగ్గించి మాంగనీస్ వేస్తారు. అవి తుప్పుకు త్వరగా లొంగుతాయి. కొనేవాళ్లు అయస్కాంతం పెట్టి చూడటం అలవాటు. అంటుకుంటే నాసిరకం, అంటుకోకపోతే 304 అని నమ్మకం. ఈ పరీక్ష పట్టుకునేది నికెల్ లేని 430 రకాన్నే. 202 కూడా అయస్కాంతానికి అంటదు కాబట్టి అసలు మోసం జరిగే చోట అయస్కాంతం పనికిరాదు. పాత ఇనుము వ్యాపారులు రేకు మీద ఓ చుక్క రసాయనం వేసి, మారే రంగును బట్టి రకం తేలుస్తారు. ఇంట్లో ఆ సౌకర్యం లేదు. రెండు పొరల బాటిళ్లలో లోపలి పొర ఒక్కటే 304, బయటిది చవక రకం కావడం మామూలే. "304" అని అడుగున పొడిచిన అంకె కంపెనీ చెప్పుకునే మాట మాత్రమే. స్టీలు, రాగి, అల్యూమినియం నీళ్ల బాటిళ్లకు ఐఎస్ 17803, వాక్యూమ్ ఫ్లాస్కులకు ఐఎస్ 17526 ప్రమాణాలున్నాయి. వీటికి ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి చేస్తూ కేంద్రం 2023లో ఉత్తర్వులిచ్చింది. చూడాల్సింది ఆ గుర్తు.

స్టీలులోంచి నికెల్ దిగుతుందా? దిగుతుంది, పుల్లటిది మరిగిస్తే. టొమాటో సాస్‌ను గంటల తరబడి ఉడికించి చూసిన 2013 నాటి అమెరికా అధ్యయనంలో నికెల్, క్రోమియం పెరిగాయి, పాత్రను మళ్లీ మళ్లీ వాడినకొద్దీ ఆ పెరుగుదల తగ్గింది. చల్లటి మంచినీళ్లకు ఈ లెక్క వర్తించదు. నికెల్ పడని చర్మమున్నవాళ్లు మాత్రం అందులో నిమ్మరసం నిలవుంచకపోవడం మంచిది.

సీసం భయం 2024 జనవరిలో అమెరికా నుంచి వచ్చింది. స్టాన్లీ కంపెనీ పెద్ద కప్పుల మోజు అక్కడి తెలుగు పిల్లలకూ అంటిన రోజులవి. వాక్యూమ్ పొరను మూసే అడుగు బిళ్లలో సీసం ఉంటుందని, దాని మీద స్టీలు పొర కప్పి ఉంటుందని కంపెనీ ఒప్పుకుంది. ఆ అడుగు ఊడితే తప్ప చేతికి గానీ నీటికి గానీ తగలదు. అడుగు మూత ఊడిన వాక్యూమ్ బాటిల్‌ను, ఏ బ్రాండైనా, పక్కన పడేయడమే దీనికి తగిన జాగ్రత్త.

రాగి పక్షం: రెండు అంకెల తగాదా

రాగి విషయంలో శాస్త్రమూ సంప్రదాయమూ కొట్టుకుంటున్నాయని అనుకుంటారు గానీ, నిజానికి కొట్టుకుంటున్నవి రెండు అంకెలు.

బెంగళూరులోని దేశీయ వైద్య పరిశోధన సంస్థకు చెందిన ప్రీతి సుధ, పద్మా వెంకటసుబ్రమణియన్ తదితరులు 2012లో ఒక ప్రయోగ ఫలితం ప్రచురించారు. కలరా, టైఫాయిడ్ జాతి, విరేచనాల క్రిములు కలిపిన నీటిని రాగి పాత్రలో 16 గంటలు ఉంచితే, ఆ తర్వాత క్రిములు పెరగలేదు. రాత్రి రాగి చెంబులో పోసి పొద్దున తాగే అలవాటుకు ఇది ఊతమే, ఒక్క రాత్రి 16 గంటలు కాకపోయినా. ఆ నీళ్లలోకి దిగిన రాగి లీటరుకు 177 మైక్రోగ్రాములు. ప్రపంచ ఆరోగ్య సంస్థ హద్దు 2 మిల్లీగ్రాములు, అంటే ఇది అందులో పదోవంతు కన్నా తక్కువ. భారత తాగునీటి ప్రమాణంలో కోరదగ్గ హద్దు 0.05 మిల్లీగ్రాములు. దాంతో పోలిస్తే ఇది మూడున్నర రెట్లు. అదే ప్రమాణం వేరే నీటి వనరు లేనప్పుడు 1.5 మిల్లీగ్రాముల దాకా ఒప్పుకుంటుంది. ఒకే నీళ్లు ఒకరికి భేషుగ్గా, ఇంకొకరికి ప్రమాదంగా కనిపించడం ఇందుకే.

ప్రయోగం జరిగింది రాగి కుండలతో. బడికీ ఆఫీసుకీ పట్టుకెళ్లే బాటిల్ తీరు వేరు. దాన్ని రోజుకు మూడుసార్లు నింపుతారు కాబట్టి ఏ నీళ్లూ 16 గంటలు నిలవవు, క్రిములు చచ్చే లాభం దక్కదు. ఆదివారం కారులో మరిచిపోతే మూడు రోజులు నిలుస్తాయి, రాగి ఎక్కువ దిగుతుంది. నిమ్మరసం, మజ్జిగ పోస్తే ఇంకా ఎక్కువ. పైగా రాగి తోమాలి. బిందెనైతే చింతపండుతోనో పీతాంబరితోనో లోపలిదాకా రుద్దొచ్చు. సన్నటి మెడ ఉన్న బాటిల్ లోపలి కిలుమును ఏ చెయ్యి అందుకుంటుంది? శరీరం రాగిని బయటికి పంపలేని విల్సన్ వ్యాధి ఉన్నవాళ్లకు బిందె కూడా వద్దు. మిగతావాళ్లకు రాగి ఇంట్లో ఉండాల్సిన పాత్రే గానీ భుజాన వేసుకు తిరిగే బాటిల్ కాదు.

అల్యూమినియం సంగతి త్వరగా ముగించవచ్చు. సత్తు బాటిల్ తేలిక, చవక. లోహం నీటికి తగలకుండా లోపల పూత వేస్తారు. స్విట్జర్లాండ్‌కు చెందిన సిగ్ కంపెనీ 2008 ఆగస్టుకు ముందు చేసిన తన బాటిళ్ల పూతలో కొద్దిగా బీపీఏ ఉందని 2009లో ఒప్పుకుంది. ప్లాస్టిక్‌కు భయపడి లోహం కొన్నవాళ్లకు ప్లాస్టిక్ పూతే ఎదురైంది. పూత గీరుకుపోయిన సత్తు బాటిల్‌ను వెనకేసుకొచ్చే పక్షం ఇప్పుడు దాదాపు లేదు.

పర్యావరణం లెక్క

స్టీలు బాటిల్ ఒకటి చేయడానికి గనిలో, కొలిమిలో అయ్యే ఖర్చు ఒక్క పెట్ బాటిల్ కంటే ఎన్నో రెట్లు ఎక్కువ. దాన్ని ఎవరూ కాదనరు. ప్రశ్నల్లా ఎన్నిసార్లు వాడితే సరిపోతుందన్నదే. డేనియల్ గోల్‌మన్, గ్రెగరీ నోరిస్ 2009లో న్యూయార్క్ టైమ్స్‌లో ఒక అంచనా ఇచ్చారు. స్టీలు బాటిల్ 50 కొన్న బాటిళ్లను తప్పిస్తే వాతావరణానికి లాభం. 500 సార్లు వాడితే వాళ్లు చూసిన కాలుష్యాలన్నిటిలోనూ ప్లాస్టిక్‌ను మించుతుంది. బడికెళ్లే పిల్లకు 500 సార్లంటే రెండున్నరేళ్లు.

ఈ లెక్కకు తెలుగు ఇంట్లో ఒక చిక్కుంది. స్టీలు బాటిల్ చాలాచోట్ల తప్పించేది కొన్న బాటిల్‌ను కాదు. ఫ్రిజ్ తలుపులో ఏళ్లుగా నిలబడి ఉన్న రెండు లీటర్ల థమ్సప్ సీసాను. అది ఎప్పుడో తన 500 దాటేసింది. రోజూ నీళ్ల బాటిల్ కొనుక్కునే సేల్స్ ఉద్యోగికి స్టీలు బాటిల్ ఖర్చు నెలలోపే తిరిగొస్తుంది. ఇంటి నీళ్లే పట్టుకెళ్లే గృహస్థుకు రూపాయి మిగలదు. అతని మార్పుకు కారణం ఆరోగ్యమో ముచ్చటో కావాలి. ముచ్చట మరీ ఎక్కువై ఏటా కొత్త రంగు బాటిల్ కొంటే పైలెక్క తిరగబడుతుంది.

నిషేధాల వల్ల ఎంత పని జరుగుతుందన్నదీ తేలలేదు. అమెరికాలో వెర్మాంట్ విశ్వవిద్యాలయం 2013లో ప్రాంగణంలో నీళ్ల బాటిళ్ల అమ్మకం ఆపింది. విద్యార్థులు తీపి పానీయాలు కొన్నారు, ప్రాంగణానికి వచ్చిన ప్లాస్టిక్ బాటిళ్ల సంఖ్య తగ్గకపోగా పెరిగింది. మన దేశంలో 2022 జులై 1న మొదలైన ఒకసారి వాడే ప్లాస్టిక్ నిషేధం స్ట్రాలు, ప్లేట్ల లాంటివాటికే, నీళ్ల బాటిల్ జోలికి పోలేదు. ఖాళీ పెట్ బాటిల్‌కు పాతసామాన్ల ధర ఉండటం వల్ల చెత్త ఏరేవాళ్లు దాన్ని వదలరు కూడా. పరుపుల దూదిగా, చవక గుడ్డగా మారుతుంది. ఇది ప్లాస్టిక్ పక్షానికి నిజంగా బలమైన వాదనే.

సంచి బరువు, మూత మురికి

పిల్లల దగ్గరికొచ్చేసరికి రసాయనాల కన్నా తూకం ముఖ్యం. ఒకటి, రెండు తరగతుల పిల్లల సంచి 1.5 కిలోలు మించకూడదని అప్పటి కేంద్ర మానవ వనరుల శాఖ 2018లో ఆదేశించింది. ముప్పావు లీటరు వాక్యూమ్ బాటిల్ నిండుగా ఉంటే అదొక్కటే కిలో దాటుతుంది. ఇక పుస్తకాలకు మిగిలింది ఎంత? ఒక పొర ఉన్న అరలీటరు స్టీలు బాటిల్ ఇచ్చి, బడిలో మళ్లీ నింపుకోమనడం తేలికైన దారి. 2020 నాటి బడి సంచుల విధానం అసలు బడే మంచినీళ్లు ఏర్పాటు చేయాలంది, బాటిల్ మోయాల్సిన పనే ఉండకూడదని. వాక్యూమ్ బాటిల్ ఎండలో తిరిగే పెద్దవాళ్లకు అక్కరకొస్తుంది.

మూత గురించి వాదనలు లేవు, ఉండాల్సింది. లోహపు బాటిల్ అని కొన్నదానికి మూత పాలీప్రొపిలీన్, లోపల సిలికాన్ వాషరు, కొన్నింటికి స్ట్రా. వాషరు కింద చేరిన తడిలో నల్లటి బూజు పడుతుంది. బాటిల్‌ను రోజూ కడిగే ఇళ్లలో కూడా ఆ వాషరును చెంచా కొనతో లేపి చూసేవాళ్లు తక్కువ. "స్టీలు వాసన" అని పిల్లలు ముఖం తిప్పుకునేది చాలాసార్లు ఈ బూజు వాసనకే. మేసన్ బృందానికి దొరికిన మూత ప్లాస్టిక్ ముక్కల్ని గుర్తుచేసుకుంటే, లోపల కూడా స్టీలు రేకు ఉండే మూతకు వంద రూపాయలు ఎక్కువైనా దండగ కాదు.

తేలనిది: నింపేది ఎక్కడ?

లోహాల తగాదా చాలావరకు సర్దుకుంది. తిరగడానికి స్టీలు, ఇంట్లో నిలవకు కావాలంటే రాగి, సత్తు అక్కర్లేదు. సర్దుకోనిది నీళ్ల సంగతి. మరచెంబు బతికింది స్టేషన్ కుళాయి మీద నమ్మకంతో. స్టీలు బాటిల్‌కు ఆ నమ్మకం లేదు. నల్లగొండ ఫ్లోరైడ్ కథ విన్న తరాలు బోరు నీళ్లు నమ్మవు. తెలంగాణలో 2016లో మొదలైన మిషన్ భగీరథ ఇంటింటికీ కుళాయి తెచ్చినా, దాని పక్కనే క్యాన్ల ఆటో హారన్ ఇంకా వినిపిస్తోంది. ఆంధ్రప్రదేశ్‌లో 2014లో ఎన్టీఆర్ సుజల పథకం రెండు రూపాయలకు 20 లీటర్లు ఇచ్చినప్పుడూ, అది కుళాయికి బదులు క్యానునే నమ్ముకుంది. రైల్వే స్టేషన్లలో బాటిల్ నింపుకునే యంత్రాలు పెట్టారు, చాలాచోట్ల అవి మూతపడ్డాయి. ప్యాకేజీ నీళ్లను ఎక్కువ ముప్పున్న ఆహారాల వర్గంలో చేర్చి తనిఖీలు పెంచుతామని ఆహార ప్రమాణాల సంస్థ 2024లో ప్రకటించింది. కొన్న నీళ్ల మీదా ప్రభుత్వానికే పూర్తి నమ్మకం లేదన్నమాట.

నమ్మకం కుదిర్చిన చోట మార్పు దానంతటదే వచ్చింది. పూరీ పట్టణంలో 2021 నుంచి కుళాయి నీళ్లు నేరుగా తాగొచ్చు, యాత్రికుల కోసం వీధుల్లోనూ కుళాయిలు పెట్టారు. తిరుమలలో ప్లాస్టిక్ నీళ్ల బాటిళ్లు ఆపిన దేవస్థానం, జలప్రసాదం కుళాయిలు, గాజు సీసాలు ముందే ఏర్పాటు చేసింది. ఇంటి నుంచి స్టీలు బాటిల్ తెచ్చుకున్న భక్తుడికి అక్కడ ఇబ్బంది లేదు. కొండ దిగి బస్టాండుకొచ్చాక మాత్రం అదే బాటిల్ ఖాళీగా సంచిలో ఉంటుంది, చేతిలోకి కొన్న ప్లాస్టిక్ బాటిల్ వస్తుంది.

కాబట్టి బాటిళ్లు కొనబోయే కుటుంబం ముందు తన క్యాన్ నీళ్ల ప్లాంటువాణ్ణి రెండడగాలి: నీటి పరీక్ష కాగితం, డబ్బా దేనితో చేసిందన్న వివరం. తర్వాత దుకాణానికి. అక్కడ ముద్రలూ రంగులూ చూసేముందు మూత విప్పండి. వాషరు వేలికి ఊడి రావాలి, మూతిలోకి పీచు పట్టిన చెయ్యి వెళ్లాలి. ఆ రెండూ కుదరని బాటిల్ 304 అయినా 316 అయినా తిరిగి అరలో పెట్టేయండి.